రెండు నిమిషాల నలభై సెకన్లు

మార్చి 4, మంగళవారం

ఈ డైరీ కంపెనీవాళ్ళు ఊరికే ఇచ్చారు. ప్రతి పేజీ అడుగునా "వేగమే విజయం" అని అచ్చేశారు. పద్నాలుగేళ్ళుగా కంప్యూటర్ల షాపులో అమ్మకాల కౌంటర్ దగ్గర నిలబడుతున్నాను. ఆ మాట రోజుకు ఇరవైసార్లు నేనే జనానికి చెబుతాను. ఇంటికొచ్చి మళ్ళీ చదవాల్సిన ఖర్మ నాకు లేదు. ఇవాళ్టి పేజీలో దాన్ని పెన్నుతో కొట్టేశాను.

రాయడం ఎందుకంటే, అక్కకు చెప్పలేను. చెబితే నవ్వుతుంది. అది నవ్వితే నాకూ నవ్వొస్తుంది. నవ్వొస్తే అయిపోయినట్టే.

విషయం ఇంతే. మా వీధి మలుపులో గడియారాలు బాగుచేసే ఆయన ఇవాళ కూడా షాపుకొచ్చారు. వరసగా ఐదో రోజు. అదే ప్రశ్న. "నాలాంటివాడికి కొత్త ప్రాసెసర్ నిజంగా అవసరమంటారా?"

కంప్యూటర్‌తో ఆయన చేసే పనులు నాలుగు. ఉత్తరాలు రాస్తారు. పాత గడియారాల లోపలి భాగాల బొమ్మలు వెతుక్కుంటారు. పాటలు వింటారు. పని లేనప్పుడు ఒక్కరే పేకాట ఆడతారు. ఈ నాలుగింటికీ మా గోదాములో దుమ్ము పట్టిన పెట్టె కూడా ఎక్కువే. అవసరం లేదని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు.

చెబితే రేపు రారు.

అందుకని, "చెప్పడం కష్టమండీ, బాగా ఆలోచించాలి" అన్నాను. ఆయన తల ఊపి, ఆలోచించడానికి రేపొస్తానన్నారు. ఇది కేవలం కస్టమర్ సేవ. తొందరపెట్టి అమ్మకూడదని మేనేజరే చెబుతుంటాడు. ఎప్పుడూ చెప్పలేదు గానీ, చెప్పే మనిషే.

మార్చి 5, బుధవారం

వచ్చారు.

మార్చి 6, గురువారం

రెండు పెట్టెల బల్ల సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాస్తే ఎవరు చూస్తారు.

షాపు మధ్యలో ఒక బల్ల. దాని మీద ఒకేలాంటి రెండు స్క్రీన్లు, కింద ఒకేలాంటి రెండు పెట్టెలు. ఒకటి కొత్త మోడల్. ఇంకొకటి "పాతది". జనం చుట్టూ చేరాక రెండు బొటనవేళ్ళతో రెండు బటన్లూ ఒక్కసారే నొక్కుతాను. కొత్తది తొమ్మిది సెకన్లలో లేచి కూర్చుంటుంది. పాతది, నేను దాన్ని ముసలాయన అంటాను, లేవడానికి రెండు నిమిషాల నలభై సెకన్లు పడుతుంది. ఆ కాసేపూ నా ప్రసంగం. "ఈ ముసలాయన లేచేలోగా మీరు పళ్ళు తోముకోవచ్చు, తల దువ్వుకోవచ్చు, పక్కింటావిడతో పోట్లాడి రాజీ కూడా పడొచ్చు" అంటాను. రాజీ దగ్గరికి వచ్చేసరికి అది సరిగ్గా లేస్తుంది. జనం నవ్వుతారు. నవ్వినవాళ్ళలో సగంమంది కొత్తది కొనుక్కుని వెళతారు.

అసలు సంగతేమిటంటే ముసలాయన ముసలివాడు కాడు. నిరుడొచ్చిన పెట్టే. వదిలేస్తే పద్నాలుగు సెకన్లలో లేస్తాడు. నేనే సోమవారం సోమవారం పొద్దున్నే వచ్చి, ఆన్ చేయగానే వాటంతటవే తెరుచుకునేలా ముప్ఫై ఒక్క ప్రోగ్రాములు అతని మీద పడేస్తాను. పాపం, అన్నీ మోసుకుంటూ లేవాలి కదా. దీన్ని నేను టిఫిన్ పెట్టడం అంటాను. వారం వారం ఎందుకంటే, బల్ల మీది పెట్టెలు ఆదివారం వచ్చేసరికి వాటంతటవే కడుక్కుని పుట్టినప్పటిలా అయిపోతాయి. అది కంపెనీ పెట్టిన ఏర్పాటు. టిఫిన్ నా సొంత ఆలోచన. మేనేజరుకు కూడా తెలియదు, నాది మంచి వాక్చాతుర్యం అనుకుంటాడు.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఆరేళ్ళుగా తాగుతున్నాను. ఎప్పుడూ అరక్కపోలేదు.

మార్చి 8, శనివారం

ఆయన జేబులోంచి స్టాప్‌వాచ్ తీశారు.

నేను బటన్లు నొక్కుతుంటే అది కూడా టిక్కుమంది. జనం మధ్యలో నిలబడి, ముసలాయన లేచేదాకా చూసి, చిన్న పుస్తకంలో రాసుకున్నారు. జనం వెళ్ళిపోయాక దగ్గరికొచ్చి, "మొన్న రెండు నిమిషాల నలభై. ఇవాళా రెండు నిమిషాల నలభై. పాతబడిన యంత్రం ఇంత కచ్చితంగా నడవదండీ. ఒకరోజు ముందుకు, ఒకరోజు వెనక్కి పోవాలి" అన్నారు.

నా చెవులు వేడెక్కాయి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, "వేడి వల్లేమోనండీ" అన్నాను. వేడికీ కచ్చితత్వానికీ సంబంధమేమిటో నాకు తెలియదు. ఆయనకూ తెలియదు కాబట్టి మర్యాదగా తల ఊపారు.

వెళ్ళబోతూ ఒక మాటన్నారు. "మా పనిలో వేగంగా నడిచే గడియారం కూడా చెడిపోయిన గడియారమేనండీ."

షాపు మూసేదాకా ఆ మాట తలచుకుని నాలో నేనే నవ్వుకున్నాను. బిల్లు కౌంటరామె ఏమైందని అడిగింది. పంటి నొప్పి అన్నాను. పంటి నొప్పికి నవ్వేవాళ్ళను ఆమె చూడలేదట.

మార్చి 10, సోమవారం

టిఫిన్ పెట్టేటప్పుడు చేతులు కొంచెం వణికాయి. ఏసీ ఎక్కువైంది.

మార్చి 12, బుధవారం

కొనడానికొచ్చిన ఎవరినైనా నేను అడిగే మొదటి ప్రశ్న, "ఇప్పుడు మీ దగ్గరున్నది ఎంతసేపటికి లేస్తుంది?" జవాబు ఏదైనా సరే, నోరు వెళ్ళబెట్టి "అయ్యో" అంటాను. సగం అమ్మకం అక్కడే అయిపోతుంది.

గడియారాలాయనను ఇంతవరకూ ఆ ప్రశ్న అడగలేదు. ఇవాళ పక్కనే నిలబడి, నేను ముగ్గురిని అడగడం విన్నారు. మూడోసారి అడిగినప్పుడు నా వైపు చూశారు. నేను స్క్రీన్ తుడిచాను. శుభ్రంగానే ఉంది.

ఆయన జవాబు చెబితే నేనూ జవాబు చెప్పాల్సి వస్తుంది. ఆ తర్వాత ఇంకేముంటుంది. ఆలస్యం అమృతం విషం అంటారు గానీ, నా విషయంలో ఆలస్యంలోనే కాస్త అమృతం ఉంది.

మార్చి 14, శుక్రవారం

హెడ్మాస్టరమ్మ వచ్చారు. రిటైరైన ఆవిడ. నీళ్ళ పైపులు, వీధి దీపాలు, ఏది చెడిపోయినా ఆఫీసులకు ఫిర్యాదులు రాయడమే ఆవిడ పని. జనవరిలో ఆవిడకు కొత్త మోడల్ అమ్మింది నేనే. ఫిర్యాదులు మూడింతలు వేగంగా వెళతాయని కూడా అన్నాను.

"అమ్మాయ్, ఇదివరకు ఉత్తరం టైపు చేయడానికి గంట పట్టేది. ఇప్పుడూ గంటే పడుతోంది. లోపం పెట్టెలో లేదు, నా వేళ్ళలో ఉంది. వేళ్ళకు ప్రాసెసర్ మార్చే షాపు ఎక్కడైనా ఉందా?" అన్నారు.

గట్టిగా నవ్వాను. ఆవిడ నవ్వలేదు. బడిలో పిల్లల్ని చూసినట్టు చూసి, "పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని నలభయ్యేళ్ళు పిల్లలకు చెప్పాను. నేనే పరుగెత్తాను చూడు" అని వెళ్ళిపోయారు.

గడియారాలాయన అక్కడే ఉన్నారు. అంతా విన్నారు. ఏదో ఒకటి అనుంటే బాగుండేది.

మార్చి 17, సోమవారం

అక్కకు తెలిసిపోయింది.

అక్క ఇంట్లోనే బట్టలు కుడుతుంది. నేనూ అదీ కలిసే ఉంటాం. పొద్దున నేను జాకెట్టు తిరగేసి తొడుక్కుని బయలుదేరుతుంటే కుట్టుమిషను ఆపింది.

"ఎవరే?"

"ఎవరేమిటి?"

"కుట్లు బయటికి కనిపిస్తున్నాయి. పద్నాలుగేళ్ళలో ఒక్కరోజు ఇలా బయలుదేరలేదు. ఎవరు?"

చెప్పాను. నవ్వింది. నేనూ నవ్వాను. గోడకు ఆనుకుని ఇద్దరం పొట్టలు పట్టుకుని నవ్వాం. దానికి నలభై నాలుగేళ్ళు, నాకు ముప్ఫై తొమ్మిది. ఇద్దరి వయసూ కలిపి ఏడుకి దిగినట్టనిపించింది. కళ్ళు తుడుచుకుని, "ఇరవై రెండేళ్ళుగా ఒకే మిషను మీద కుడుతున్నాను. నాకూ ప్రాసెసర్ కావాలేమో మీ ఆయన్నడిగి చెప్పు" అంది.

మా ఆయన కాడు. కస్టమర్.

టిఫిన్ పెట్టాను. కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

మార్చి 19, బుధవారం

అక్క ఘనకార్యం.

ఇంట్లో అలారం గడియారం పట్టుకుని ఆయన షాపుకు వెళ్ళింది. గడియారం నిక్షేపంగా నడుస్తోంది. మనిషిని చూడాలి కదా, అందుకని పాడైందని పట్టుకెళ్ళింది. ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, వెనక మూత తీసి, భూతద్దంతో చూసి, మళ్ళీ మూతపెట్టి, "దీనికేమీ కాలేదమ్మా. తీసుకెళ్ళండి" అన్నారట. చూసినందుకు ఏమీ తీసుకోలేదట.

అక్క ఎంత తొందరపడే మనిషంటే, అక్కడే, "మీకు పెళ్ళయిందా?" అని అడిగేసింది. కాలేదన్నారట. ఎందుకు కాలేదంటే, "ఆలస్యమైపోయిందండీ" అన్నారట. గోడల నిండా గడియారాలు పెట్టుకుని.

అక్క ఇదంతా నటించి చూపిస్తుంటే నవ్వీ నవ్వీ మంచినీళ్ళు పొలమారాయి. తర్వాత వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోముతూ ఉండిపోయాను. "దీనికేమీ కాలేదమ్మా." ఒక్క నిమిషంలో చెప్పేశారు, ముక్కూమొహం తెలియని మనిషికి. నేను ఇరవై రోజులుగా ఆయనకు అదే మాట చెప్పలేకపోతున్నాను. సిగ్గేసింది. తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను.

రేపు చెప్పేస్తాను.

మార్చి 20, గురువారం

రద్దీగా ఉంది. రేపు.

మార్చి 21, శుక్రవారం

నీలం చొక్కా వేసుకొచ్చారు. నీలం చొక్కా వేసుకున్న మనిషికి అలాంటి మాట ఎలా చెబుతాం. రేపు.

మార్చి 22, శనివారం

సోమవారం హెడ్డాఫీసు నుంచి పెద్దాయన వస్తాడట, నా రెండు పెట్టెల ప్రదర్శన చూడటానికి. నచ్చితే అన్ని షాపుల్లోనూ పెట్టిస్తారట. మేనేజరు చెమటలు పట్టి తిరుగుతున్నాడు. లోపలికి రాగానే కొత్త మోడలే కంటపడాలని రెండు పెట్టెలూ అటూ ఇటూ మార్పించాడు. నేనే మోశాను. నడుం పట్టేసింది.

పెట్టె మోస్తుండగా గడియారాలాయన వచ్చి రెండోవైపు పట్టుకున్నారు. నాలుగడుగులు కలిసి నడిచాం. "సోమవారం ఎన్నింటికండీ?" అనడిగారు. పదకొండింటికి అన్నాను. "నేనూ వస్తాను. మీరు తేల్చి చెబుతారేమో చూద్దాం" అన్నారు.

నాలుగడుగులు. ఐదేమో.

మార్చి 24, సోమవారం, పొద్దున్న

అందరికన్నా ముందొచ్చి టిఫిన్ పెట్టేశాను. ఎడమవైపు కూర్చుని, రోజూలాగే ముప్ఫై ఒకటీ వడ్డించాను. ఇవాళ ముసలాయన చకచకా మింగేశాడు, వయసు తగ్గినట్టుంది. నాకూ తగ్గింది. నీలం చొక్కాయే వేసుకొస్తారా.

మార్చి 24, సోమవారం, సాయంత్రం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదకొండింటికి బల్ల చుట్టూ పాతికమంది. హెడ్డాఫీసాయన ముందు వరసలో కుర్చీ వేసుకున్నాడు. పక్కన మేనేజరు. హెడ్మాస్టరమ్మ ఏదో ఫిర్యాదు చేతిలో పట్టుకుని వచ్చి, జనాన్ని చూసి ఆగారు. వెనకాల ఆయన, నీలం చొక్కా, చేతిలో స్టాప్‌వాచ్.

"గుమ్మం వైపు, అంటే ఎడమవైపు ఉన్నది మా కొత్త మోడల్" అన్నాను. "కుడివైపున్నది ముసలాయన" అంటూనే రెండు బటన్లూ నొక్కేశాను.

ఎడమవైపు కొత్త మోడల్.

ఎడమవైపు.

శనివారం నా చేతులతోనే మార్చాను. సోమవారం నా చేతులే మర్చిపోయాయి. ఆరేళ్ళుగా ఎడమవైపు కూర్చుని పెట్టిన టిఫిన్ ఎడమవైపే పెట్టాను.

"పద్నాలుగు" అన్నారు ఆయన వెనకనుంచి. అలవాటుగా పైకే అన్నారు. కుడివైపు ముసలాయన లేచి, పచ్చటి పొలం బొమ్మతో మెరిసిపోతూ కూర్చున్నాడు. ఎడమవైపు కొత్త మోడల్ నల్లటి తెర మీద చిన్న చక్రం తిప్పుకుంటోంది.

నా నోరు దానంతటదే పాత ప్రసంగం అందుకుంది. "ఇది లేచేలోగా మీరు పళ్ళు తోముకోవచ్చు." అప్పటికి అర నిమిషం. "తల దువ్వుకోవచ్చు." మేనేజరు గొంతు సవరించుకున్నాడు. హెడ్డాఫీసాయన కుర్చీలో ముందుకు వంగి, "ఇందులో కొత్తది ఏదండీ?" అనడిగాడు. మేనేజరు నా వైపు వంగి, "వైరు అనండి, వైరు వదులైందనండి" అని గొణిగాడు. హెడ్మాస్టరమ్మ, "పక్కింటావిడతో పోట్లాట కూడా చెప్పమ్మా, అదీ అయిపోతే బావుంటుంది" అన్నారు.

అప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామని చూశాను. ఇరవై ఐదు రోజులుగా ఆపుకున్నదంతా ఒక్కసారే వచ్చింది. బల్ల పట్టుకుని నవ్వాను. జనం కూడా కారణం తెలియకుండానే నవ్వారు. హెడ్డాఫీసాయన ఒక్కడే నవ్వలేదు.

నవ్వు ఆగాక చెప్పేశాను. "వైరు కాదండీ. టిఫిన్. ప్రతి సోమవారం నేనే పెడతాను. ఇవాళ పొరపాటున కొత్తదానికి పెట్టాను." టిఫిన్ అంటే ఏమిటో, ఎలా పెడతారో, ఎన్నేళ్ళుగా పెడుతున్నానో, అన్నీ. "ఏమీ పెట్టకపోతే ముసలాయనకు పద్నాలుగు సెకన్లు, కొత్తదానికి తొమ్మిది. అసలు తేడా ఐదు సెకన్లు. బొమ్మలు గీసేవాళ్ళకు, సినిమాలు కత్తిరించేవాళ్ళకు కొత్తది కావాలి. ఉత్తరాలు రాసుకునేవాళ్ళకు అక్కర్లేదు."

హెడ్మాస్టరమ్మకు క్షమించమని చెప్పాను. చేతిలో ఫిర్యాదును ఆవిడ నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకున్నారు.

తర్వాత ఆయన వైపు తిరిగాను. మొహం చూడలేక చొక్కా గుండీ చూసి చెప్పాను. "మీకు కొత్తది అవసరం లేదండీ. మొదటి రోజునుంచీ నాకు తెలుసు."

అప్పటికి కొత్త మోడల్ లేచింది. ఆయన స్టాప్‌వాచ్ నొక్కారు. "రెండు నిమిషాల పదకొండు" అన్నారు మెల్లగా. పుస్తకంలో రాసుకున్నారు, నాకు తల ఊపారు, వెళ్ళిపోయారు.

మార్చి 25, మంగళవారం

అమ్మకాల కౌంటర్ నుంచి తీసేశారు. వెనక మరమ్మతుల గదిలో వేశారు. కిటికీ లేదు. నాకేం బాధ లేదు.

రాలేదు.

మార్చి 26, బుధవారం

మరమ్మతుల గదికి ఆరుగురు వచ్చారు. "నిన్నటినుంచి మా వీధిలో ఇదే మాటమ్మా, మా పెట్టెకు కూడా ఎవరో టిఫిన్ పెట్టారేమో చూడు" అంటున్నారు. చూశాను. ఎవరూ పెట్టలేదు, వాళ్ళే తెలియక తినిపించుకున్నారు. అనవసరమైనవి తీసేస్తే నలుగురివి అరనిమిషంలోపే లేచాయి. వాళ్ళ మొహాలు చూస్తే నాకు మళ్ళీ గాల్లో తేలినట్టయింది. మేనేజరు తలుపు దగ్గర నిలబడి వరస చూసి, తిట్టాలో వద్దో తేల్చుకోలేక వెళ్ళాడు.

రాలేదు. అవసరం లేదని చెప్పిన చోటికి ఎవరొస్తారు. నేననుకున్నదే జరిగింది. నాకేం బాధ లేదు.

అక్క, "రెండుసార్లు చెప్పావంటే ఉంది" అంది. పైకి అన్నానేమో.

మార్చి 27, గురువారం

భోజనాల వేళ అక్క షాపుకొచ్చి అలారం గడియారం నా చేతిలో పెట్టింది. "తీసుకెళ్ళు."

"దీనికేమీ కాలేదని ఆయనకు తెలుసు కదే."

"తెలిస్తేనే మంచిది. ఈసారి అబద్ధం చెప్పే పనుండదు."

వెళ్ళాను.

ఇద్దరు నిలబడితే మూడోవాడికి చోటు లేని షాపు. గోడల నిండా గడియారాలు, ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తోంది. ఆయన భూతద్దం కంటికి పెట్టుకునే నన్ను చూశారు. ఆ కన్ను గుడ్లగూబ కన్నంత కనిపించింది. తీయడం మర్చిపోయారు.

"దీనికేమీ కాలేదు" అని అలారం గడియారం బల్ల మీద పెట్టాను.

"తెలుసండీ" అన్నారు.

"మీరెందుకు రావడం లేదు?"

"మీరు అవసరం లేదన్నారు కదండీ. అవసరం లేకుండా షాపుకొచ్చి నిలబడితే మీకు మాట వస్తుందని."

ఇంత తిన్నగా ఆలోచించే మనిషిని నేనెక్కడా చూడలేదు. అప్పుడడిగాను, అందరినీ అడిగే ప్రశ్న, ఈయన్ని ఒక్కరినే అడగని ప్రశ్న. "ఇప్పుడు మీ దగ్గరున్నది ఎంతసేపటికి లేస్తుంది?"

ఆయన భూతద్దం తీశారు. మొహం వెలిగింది, నిజంగా వెలిగింది, ఇంతకన్నా ఎలా రాయాలో తెలియదు. "పద్నాలుగు సెకన్లు. మీ షాపుకు మొదటిసారి వచ్చిన రోజే కొలుచుకున్నాను."

"మరి మర్నాడు ఎందుకొచ్చారు? ఆ మర్నాడు?"

"వచ్చిన ప్రతివాళ్ళనూ ఆ ప్రశ్న అడుగుతారు కదండీ. నన్నూ అడుగుతారని చూశాను. అడిగితే నిజం చెప్పేయాలి, చెబితే ఇక రావడానికి లేదు. మీరు అడగలేదు. బతికిపోయాననుకుని మళ్ళీ వచ్చేవాణ్ణి."

నేను స్టూలు మీద కూర్చుండిపోయాను. ఏదో ఒక గడియారం మూడు కొట్టింది. అప్పుడు ఒంటిగంటన్నర.

కంప్యూటర్ చూస్తారా అన్నారు. చూస్తానన్నాను. ఇంకో స్టూలు పక్కన వేసుకుని, బటన్ నొక్కారు. ఇద్దరం తెర వైపు చూస్తూ కూర్చున్నాం. భుజానికీ భుజానికీ మధ్య ఒక చెయ్యి పట్టేంత జాగా. ఏం మాట్లాడాలా అని ఆలోచించి, సరిగ్గా నోరు తెరిచేసరికి పెట్టె లేచేసింది. ఇక చూడటానికి ఏమీ లేదు.

"కొంచెం తొందరగా లేస్తుందండీ ఇది" అన్నారు, ఎవరికో అన్యాయం చేసినట్టు.

"అవును" అన్నాను.

"దీన్ని నెమ్మది చేయడం మీకు వచ్చనుకుంటాను."

చేతులు వణకలేదు. ముప్ఫై ఒకటీ పెట్టాను, ఒక్కోటీ ఆయనకు చూపించి మరీ. ఆర్పి, మళ్ళీ ఆయనే బటన్ నొక్కారు. నల్లటి తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. ఆయన స్టాప్‌వాచ్ తీసి సొరుగులో పెట్టేసి సొరుగు మూశారు.

మార్చి 31, సోమవారం

పొద్దున్నే పాత అలవాటు, కాళ్ళు వాటంతటవే మలుపు తిరిగాయి. ఆయన పెట్టెకు ఆదివారం కడుక్కునే జబ్బు లేదు, పెట్టిన టిఫిన్ పెట్టినట్టే ఉంది. అయినా ఇంకో నాలుగు పెట్టమన్నారు. రెండు నిమిషాల నలభై చాలడం లేదట.